ఎండిన కాలువలో తీసిన లెవెలు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ఇంట్లో వాళ్లూ అంటారు, ఆఫీసులో వాళ్లూ అంటారు. వయసు మీద పడితే తగ్గుతుందని మా అమ్మ అనేది. యాభై దాటింది, తగ్గలేదు. అయితే ఈ ఏడాది వేసవి నుంచి ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు. ఎటు తిప్పినా చివరికి నా మీదికే వస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఒక పెద్ద దేవస్థానం ఇంజనీరింగు విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టర్ని. అంటే పని చేసేది కాంట్రాక్టరు, సంతకం చేసేది అసిస్టెంట్ ఇంజనీరు, మా ఏఈ గారు, ఎండలో నిలబడేది నేను. మాది నరసాపురం వైపు, సముద్రపు గాలి తగిలేంత దగ్గర. గుడి పేరు రాయను. శని, ఆదివారాలు బస్సుల మీద బస్సులు దిగుతాయి. మొక్కులు, తలనీలాలు, పెళ్లిళ్లు, ఏ రోజూ ఖాళీ ఉండదు. వచ్చినవాళ్లు దేవుడి మీద ఎప్పుడూ ఫిర్యాదు చేయరు. బాత్రూముల మీద మాత్రం రాసి మరీ ఇచ్చి వెళతారు.

ఆ ఫిర్యాదుల్లో తప్పేమీ లేదు. మా మురుగు లైను, జనం లాంచీల మీద వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే కాలంలో వేసింది. అప్పుడు ఉన్నది ఒక సత్రం, పది గదులు. ఇప్పుడు కాటేజీలు నాలుగు వరుసలు, అన్నదానం హాలు, కల్యాణ మండపం. అన్నిటి మురుగూ ఆ పాత మట్టి పైపుల్లోకే. పైపులు ఎటు పోతున్నాయో చూపించే కాగితం ఒక్కటీ లేదు. ఎక్కడ పొంగితే అక్కడ తవ్వేవాళ్లం, అదే మా డ్రాయింగు. కొత్త లైనుకు మంజూరు వచ్చిందని తెలిసిన రోజు నేను గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టాను. అంత విసిగిపోయి ఉన్నాను.

మా డెల్టాలో తవ్వే పని ఏదైనా ఏప్రిల్, మే నెలల్లోనే చేయాలి. అప్పుడు కాలువలు కట్టేస్తారు. ఆఫీసు భాషలో దాన్ని క్లోజర్ అంటారు. మాకు ప్రతి ఊళ్లోనూ రెండు రకాల కాలువలు ఉంటాయి. పంట కాలువ గోదావరి నీళ్లు తెచ్చి చేలకు ఇస్తుంది. చేలు వాడుకుని వదిలిన నీళ్లను మురుగు కాలువ సముద్రానికి తీసుకుపోతుంది. మొదటిది కట్టేస్తే రెండోదీ ఎండిపోతుంది. అడుగున బురద, గుర్రపుడెక్క, మధ్యలో పిల్ల కాలువంత నీరు, అంతే మిగులుతుంది. ఆ నలభై రోజుల్లోనే వంతెనలు, లాకులు, గట్లు, అందరి పనులూ. మాదీ అప్పుడే మొదలయింది.

మా కొత్త లైను మురుగంతా ఒక పెద్ద తొట్టిలో తేరి, ఊరి చివర మురుగు కాలువలో కలవాలి. పాత లైను నోరు కూడా అక్కడే ఉంది. కాలువ గట్టులో, అడుగు నుంచి బాగా ఎత్తున, నవ్వొచ్చేంత ఎత్తున పెట్టారు దాన్ని. అంత పైన పెడితే పైపులో వాలు ఎక్కడుంటుంది? అందుకే ఇన్నేళ్లూ పూడుకుపోతూ వచ్చింది. ఏఈ గారూ నేనూ గట్టు మీద నిలబడి, వేసినవాళ్లకు వాలు అంటే ఏమిటో తెలియదని చాలాసేపు నవ్వుకున్నాం. కొత్త నోరు మూరెడు కిందికి దించుదామని ఆయన అన్నారు. బ్రహ్మాండంగా ఉంటుందని నేను అన్నాను.

లెవెళ్లు, అంటే ఎత్తుపల్లాల కొలతలు, తీసింది నేనే. మెషిను నేను చూస్తుంటే కూలీ ఒకతను కొలత బద్ద పట్టుకుని కాలువలోకి దిగాడు. ఆ కొలతలు రాసే ఫారంలో ఒక గడి ఉంటుంది. వానల్లో కాలువ నీరు ఎంత ఎత్తుకు లేస్తుందో అందులో రాయాలి. మెషిను చెప్పే లెక్క కాదు అది. గట్టు మీద పెద్దవాళ్లను అడిగి, వంతెన గోడ మీద మరకలు చూసి రాయాలి. మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. గట్టు మీద మనిషన్నవాడు లేడు. ఆ రోజు కాలువలో ఉన్న నీటి మట్టానికి ఉజ్జాయింపుగా ఒక అడుగు కలిపి రాసేశాను. రాసి భోజనానికి వెళ్లాను. పప్పుచారు, వంకాయ కూర. అది కూడా గుర్తుంది.

మా నాన్న రెండెకరాల రైతు. జూలైలో మురుగు కాలువ ఎంత లేస్తుందో చూసుకోకుండా చేను గట్టు వేసేవాడు కాదు. ఆయన కొడుకుని నేను. ఎండిపోయిన కాలువను చూసి నిండు కాలువ లెక్క రాశాను. ఇక్కడివాడు కానివాడెవడైనా ఆ పని చేస్తే వాణ్ణి నేను ఊరికే వదిలేవాణ్ణి కాదు.

అడగడానికి మనిషి లేడని అన్నాను గానీ, చెప్పిన మనిషి ఒకావిడ ఉంది. కాటేజీల్లో బాత్రూములు కడుగుతుంది. నా ఈడుదే, నాకంటే రెండు మూడేళ్లు చిన్నదేమో. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, తణుకు అవతల ఇచ్చింది. కాటేజీల నాలుగో వరుస చివర, అందరి కంటే పల్లంలో, పనివాళ్లకు ఇచ్చిన ఒంటి గది స్లాబు ఇంట్లో ఉంటుంది. పైపులు దింపుతున్న రోజుల్లో ఒకసారి గట్టు మీదకు వచ్చి నోరు పెడుతున్న చోటు చూసింది.

"ఇక్కడ పెడతన్నారేంటండి బాబుగారండి. వానాకాలం ఇది మునిగిపోద్దండి."

"డిజైను పైనుంచి వచ్చిందమ్మా," అన్నాను.

"పైనుంచి వచ్చినా నీళ్లు కింద నుంచే కదండి వచ్చేది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. "ఆయ్," అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మాత్రం మనసు ఒప్పక ఏఈ గారితో అన్నాను. ఆయన ఫారం తీసి చూసి, "మీరు రాసిన మట్టం కంటే మన పైపు పైనే ఉంది కదండి" అన్నారు. నేను రాసిన మట్టమే కదా. ఉజ్జాయింపుగా రాశానండి అని ఒక్క మాట అని ఉంటే ఆ రోజే సరిపోయేది. అవునండి అని వచ్చేశాను.

తర్వాత నేను ఒక మంచి పని చేశాను. కనీసం అలా అనుకున్నాను. ఆవిడ కూతురికి తొలి కాన్పు. సీమంతం చేసి పుట్టింటికి తెచ్చుకుంటున్నారు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, అది తల్లి హక్కు కూడాను. ఆ ఇంటికి ఉన్నది వెనకాల గుంట మరుగుదొడ్డి, మూడు మెట్లెక్కాలి, తలుపు సరిగా పడదు. "నిండు మనిషి రాత్రీ పగలూ అదెక్కి దిగాలండి," అని ఆవిడ ఒకరోజు నాతో కాదు, ఎవరితోనో అంటుంటే విన్నాను. కొత్త లైను ఆవిడ ఇంటి పక్క నుంచే పోతోంది. పైపు ముక్కలు మిగిలాయి. మేస్త్రీకి చెప్పి ఆ ఇంట్లోనే ఒక మూల గోడ కట్టించి, దొడ్డి పెట్టించి, లైనులోకి కలిపించేశాను. ప్లానులో లేదు, ఎవరినీ అడగలేదు. ఆవిడ చేతులు జోడిస్తే, "సరే సరేలే" అని కసిరి వచ్చేశాను. ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది.

కూతురు మేలో వచ్చింది. సన్నగా, నిమ్మళంగా ఉండే పిల్ల. ఆవిడ అప్పటికే పాత నేత చీరలు ఉడకబెట్టి, చింపి, ఎండబెట్టి, పుట్టబోయే బిడ్డకు పొత్తిగుడ్డలు మడతలు పెట్టి ఉంచింది. మెత్తగా అవ్వాలని మళ్లీ మళ్లీ ఉతికేది. దండెం మీద అవే కనిపించేవి.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎర్ర నీళ్లు వస్తుంటే పంట కాలువ వంతెన మీద జనం నిలబడి చూశారు, పసుపు కుంకుమలు వేశారు. నేనూ మెట్లు దిగి కాళ్లు తడుపుకున్నాను. పుట్టినప్పటి నుంచీ ప్రతి ఏడూ ఆ రోజు నాకు పండుగే. కొత్త లైను బాగా పనిచేస్తోంది, ఫిర్యాదులు ఆగిపోయాయి, ఏఈ గారిని దేవస్థానం పెద్దాయన పిలిచి మెచ్చుకున్నారు.

నారుమళ్లు అయ్యాయి, దమ్ములు మొదలయ్యాయి, రెండు వానలు పడ్డాయి. చేల నీరంతా మురుగు కాలువలోకి దిగింది. ఒకరోజు గట్టు మీద స్కూటరు ఆపి చూస్తే మా పైపు నోరు కనబడలేదు. జానెడు నీళ్ల కింద ఉంది. పాత నోరు మాత్రం నీటికి జానెడు పైన, పొడిగా, గట్టులోంచి నన్నే చూస్తోంది. మేం నవ్వుకున్నది దాన్ని చూసే. దాన్ని అక్కడ పెట్టినవాడు వానాకాలంలో వచ్చి చూసి పెట్టాడు. ఆ రోజు నుంచి వాన చినుకు పడితే స్కూటరు తీసుకుని గట్టు మీదకు పరుగెత్తేవాణ్ణి.

పౌర్ణమికి సముద్రం పోటు తోడయింది. ఆదివారం పొద్దున్న ఆవిడ ఫోను చేసింది. వెళ్లేసరికి ఇంట్లో చీలమండ లోతు నీళ్లు. నల్లటి నీళ్లు, నేను పెట్టించిన దొడ్డిలోంచి బుడబుడమంటూ వస్తున్నాయి. నాలుగు వరుసల కాటేజీల మురుగు బయటికి పోయే దారి లేక, అన్నిటికంటే పల్లంలో ఉన్న ఒకే ఒక్క నోరు వెతుక్కుని ఆ గదిలోకి వచ్చింది. తొమ్మిదో నెల పిల్ల మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ చేటతో ఎత్తి బకెట్లో పోస్తోంది. ఎత్తినంత మళ్లీ వస్తోంది. గుమ్మంలో నిలబడ్డాను, అంతే. నా కోపం కూడా ఆ గుమ్మంలో నాకు అక్కరకు రాలేదు.

ఏఈ గారికి అంతా చెప్పాను. ఫారంలో ఉజ్జాయింపు లెక్క సంగతి కూడా చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. ఫారం తీసి మళ్లీ చూశారు. "ఆ ఇల్లు మన డ్రాయింగులో లేదు కదండి," అన్నారు చివరికి. లేదు. లేని ఇంట్లోకి మురుగు వస్తోందని ఏ కాగితం మీద రాస్తాం? నోటికి ఇనుప తలుపు పెడితే కాలువ నీళ్లు లోపలికి రావు గానీ, లోపలి మురుగు బయటికీ పోదు. మోటారు పెట్టి తోడాలి. మోటార్లు రెండో దశలో ఉన్నాయి, రెండో దశ ఫైలులో ఉంది. నోరు పైకి ఎత్తాలన్నా ఇప్పుడు కుదరదు, కాలువ నిండా నీళ్లు. "వచ్చే క్లోజర్‌లో చూద్దామండి," అన్నారు. తప్పు చేసింది క్లోజర్‌లో. దిద్దాలన్నా క్లోజరే రావాలి.

నాకు తోచింది ఒక్కటే. ఆవిడ ఇంటి పైపు మూసేయడం. వడ్రంగి చేత గుండ్రంగా చెక్క బిరడా చేయించి తీసుకెళ్లాను. వదులుగా ఉంది. చుట్టడానికి పాత గుడ్డలేమైనా ఉంటే ఇమ్మన్నాను. ఆవిడ ఇల్లంతా చూసింది. ఇంట్లో ఉన్న ప్రతి పాత గుడ్డా అప్పటికే నేల తుడవడానికి అయిపోయింది. అటక మీది మూట దింపి, పొత్తిగుడ్డలు ఐదో ఆరో తీసి ఇచ్చింది.

"ఇవి వద్దమ్మా," అన్నాను.

"చాలా ఉన్నాయి లెండి."

పసుపు వాసన, ఎండ వాసన ఉన్నాయి వాటికి. బిరడాకు చుట్టి, సుత్తితో కొట్టి బిగించాను. నీళ్లు ఆగాయి. ఆవిడ బ్లీచింగు వేసి నేల మూడుసార్లు కడిగి, సాంబ్రాణి వేసింది. రెండు రోజులు ఇల్లు పొడిగా ఉంది. కూతురు నేల మీద కాలు పెట్టి నడిచింది.

మూడో రోజు పొద్దున్నే నాలుగో వరుస కాటేజీల్లో, కింది గదుల బాత్రూముల్లోంచి పొంగింది. ఆ ఇంటి తర్వాత పల్లం అదే. నేను వెళ్లేసరికి గుండ్లు చేయించుకున్న కుటుంబం ఒకటి సంచులు నెత్తిన పెట్టుకుని వరండాలో నిలబడి ఉంది. ఇంకో గదిలో పెళ్లివారు. ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. ఏఈ గారు నా వైపు చూసి, "నిన్నటి దాకా లేదు కదండి, ఇప్పుడేమైంది?" అన్నారు. ఆయన తెలిసే అడిగారని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆవిడ అప్పటికే చీపురు, బకెట్టు పట్టుకుని వచ్చేసింది. ఆ గదులు కడగాల్సిందీ ఆవిడే కదా. నన్ను పక్కకు పిలిచింది.

"ఆ బిరడా తీసేయండి బాబుగారండి."

"తీస్తే నీ ఇంట్లోకి వస్తుంది."

"ఇక్కడికొచ్చినా అక్కడికొచ్చినా ఎత్తేది నేనే కదండి. ఇక్కడైతే పన్నెండు గదులండి. అక్కడైతే ఒకటే."

కోపంగా చెప్పలేదు. ఏడుస్తూ చెప్పలేదు. లెక్క చెప్పింది. నేను వద్దనాలి. వద్దని, ఏఈ గారి దగ్గరికి వెళ్లి, కాటేజీలు మూసేయండి, నీళ్లు తగ్గేదాకా గదులు ఇవ్వకండి అని గొడవ పెట్టుకోవాలి. ఇంతకంటే చిన్న విషయాలకు ఆఫీసులో బల్లలు చరిచినవాణ్ణి. ఆ రోజు మాత్రం సరే అన్నాను. ఉద్యోగం ఇంకా ఏడేళ్లుంది. ఫారం మీద ఉన్నది నా చేతిరాత.

కూతుర్ని ముందు పంపించేయమని అడిగాను. ఆవిడే వియ్యపురాలికి ఫోను చేసింది. మధ్యాహ్నానికి కారు వచ్చింది. దిగిన వియ్యపురాలు గుమ్మంలోకి తొంగి చూసి, కోడలి చెయ్యి పట్టుకుంది. కన్నతల్లి తల దించుకుంది. తొలి కాన్పుకు తెచ్చుకున్న కూతుర్ని పురుడు రాకుండానే వెనక్కి పంపే తల్లిని మా వైపు ఏమంటారో అక్కడున్న అందరికీ తెలుసు. తప్పు నాదని చెప్పడానికి నోరు తెరిచాను. వియ్యపురాలు నన్ను చూడనైనా లేదు. గుమ్మం నుంచి కారు దాకా అప్పటికే తడి బురద. నేను ఇటుకలు వరసగా పేర్చాను, ఆ పిల్ల వాటి మీద అడుగులు వేసుకుంటూ వెళ్లి ఎక్కింది. ఆ రోజు నేను చేయగలిగిన ఇంజనీరింగు ఆ ఇటుకలే.

కారు మలుపు తిరిగాక లోపలికి వెళ్లి బిరడా పీకాను. పొత్తిగుడ్డలు నల్లగా, బరువుగా, చేతికి చుట్టుకుని వచ్చాయి. వెనకాలే నీళ్లు వచ్చాయి. ఆ గుడ్డలు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడితే ఆవిడే నా చేతిలోంచి తీసుకుని బకెట్లో వేసింది.

వారానికి ఆడపిల్ల పుట్టింది. ఆవిడ బాలింత కాయం, పథ్యం కారం డబ్బాల్లో పెట్టుకుని బస్సెక్కి, చుట్టంలా వెళ్లి, మర్నాటికి డ్యూటీకి వచ్చేసింది. మనవరాలిని ఎంతసేపు ఎత్తుకున్నావని అడగబోయి ఊరుకున్నాను. మా వైపు మూడో నెలలో బిడ్డను తల్లి పుట్టింటికి తీసుకొస్తారు. తీసుకురాలేదు. ఐదో నెలా రాబోతోంది. కార్తీక మాసం జనం వచ్చి వెళ్లారు, కాటేజీలు శుభ్రంగా ఉన్నాయి, కొత్త లైను బాగుందని పుస్తకంలో రాసి వెళ్లారు కూడా. పోటు ఉన్న రోజుల్లో ఆవిడ మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుంటుంది. అవి నేను పేర్చిన ఇటుకలే. రెండో దశ ఫైలు గురించి నేను వారం వారం అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ పైన ఉందంటారు.

మొన్న గట్టు మీద ఆగి కాలువ చూస్తున్నాను. కోతలు అయిపోతున్నాయి, రెండో పంటకు, దాళ్వాకు, నారు పోస్తున్నారు, నీళ్లు తగ్గలేదు. ఆవిడ డ్యూటీ దిగి వస్తూ నా పక్కన ఆగింది.

"కాలవలు ఎప్పుడు కట్టేస్తారండి బాబుగారు?"

మా డెల్టాలో పుట్టిన మనిషి ఎవరైనా, కాలువలకు నీళ్లు ఎప్పుడు వదులుతారని అడుగుతారు. కట్టేసేదెప్పుడని ఎదురుచూసే మనిషిని నేను ఇంతకు ముందు చూడలేదు. ఏప్రిల్‌లోనమ్మా అన్నాను. అప్పటికి మోటార్లు వచ్చేది లేదని, నోరు ఎత్తే పనికి ఇంకా మంజూరే లేదని, జూన్‌లో మళ్లీ నీళ్లు వస్తాయని చెప్పలేదు. ఆవిడకు అవన్నీ తెలుసు. అడిగింది ఆ నలభై రోజుల గురించే.

వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది.

"అప్పటికి పాకుతా ఉంటదండి పిల్ల," అంది. "నేల బాగా కడిగి ఉంచుతానండి."